శ్రీలంకలో భారత శాంతి సేన: ఎప్పుడు వెనక్కి రావాలన్న వివాదం (1987–1990)

శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రావిన్సుల్లో 1987 జూలై 30 నుంచి 1990 మార్చి 24 వరకు భారత సైన్యం మకాం వేసింది. దాని అధికారిక నామం భారత శాంతి పరిరక్షక దళం. పత్రికలు ఐపీకేఎఫ్ అనీ, శాంతి సేన అనీ రాసేవి. కాల్పుల విరమణకు కాపలాగా వెళ్లిన ఈ సేన రెండున్నర నెలలు తిరగకముందే తమిళ పులులతో, అంటే ఎల్టీటీఈతో, పూర్తిస్థాయి యుద్ధంలోకి దిగింది. సుమారు 1,200 మంది భారత సైనికులు అక్కడ ప్రాణాలు కోల్పోయారు. ఒక దశలో నాలుగు డివిజన్ల సేన ద్వీపంలో ఉండేది. స్వతంత్ర భారతం పరాయి గడ్డమీద అంత పెద్ద సైన్యాన్ని అంతకాలం నిలిపి ఉంచడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

యుద్ధ చరిత్ర మొత్తం ఈ వ్యాసం పరిధిలోకి రాదు. సైన్యం ఎంతకాలం ఉండాలి, ఎవరు పొమ్మంటే పోవాలి, ఏది జరిగితే వచ్చిన పని అయినట్టు అన్న ప్రశ్నలపై ఢిల్లీ, కొలంబో, మద్రాసు, జాఫ్నాల మధ్య సాగిన వాదప్రతివాదాలే ఇక్కడి విషయం. మూడేళ్ల పాటు సాగిన ఆ వాదాన్ని చివరికి తేల్చింది యుద్ధరంగం కాదు. రెండు దేశాల్లో జరిగిన రెండు ఎన్నికలు.

గడువు రాయని ఒప్పందం

1987 జూలై 29న కొలంబోలో ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జూనియస్ జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందంలో గడువులకు కొదవ లేదు. 48 గంటల్లో కాల్పులు ఆగాలి. 72 గంటల్లో మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలి. ఉత్తర, తూర్పు ప్రావిన్సులను తాత్కాలికంగా కలిపి ఒకే పాలనా విభాగంగా చేయాలి. ఆ కలయిక ఉండాలా వద్దా అని తూర్పు ప్రజలను 1988 డిసెంబరు 31లోగా రెఫరెండంలో అడగాలి. ఆ తేదీని వాయిదా వేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చారు.

భారత సైన్యం సంగతి మాత్రం అనుబంధంలో ఒక్క వాక్యంలో తేలిపోయింది. కాల్పుల విరమణకు హామీగా ఉండి దాన్ని అమలు చేయించడానికి, అవసరమైతే, శ్రీలంక అధ్యక్షుడు భారత దళాన్ని ఆహ్వానించవచ్చు అన్నది దాని సారం. ఎంత సైన్యం, ఎవరి ఆజ్ఞకు లోబడి, ఎప్పటిదాకా అన్నవి అందులో లేవు. వాటిని ఎవరో కావాలని మరుగుపరిచారని చెప్పడానికి ఆధారం లేదు. అందరూ అది కొన్ని వారాల పని అనుకున్నారు, అంతే. అయితే ఆ వాక్యంలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, దళాన్ని పిలిచేది శ్రీలంక అధ్యక్షుడు. రెండు, దళం చేయవలసింది హామీదారు పని. పిలిచినవాడు పొమ్మన్నప్పుడు హామీ ఇచ్చినవాడు పోవాలా అన్న చిక్కు అక్కడే పుట్టింది. రెండేళ్ల తర్వాత ప్రేమదాస మొదటి ముక్కను పట్టుకున్నాడు, రాజీవ్ రెండో ముక్కను పట్టుకున్నాడు.

జయవర్ధనేకు ఈ ఏర్పాటు వెంటనే అక్కరకొచ్చింది. ఉత్తరాన భారత సేన కాపలా ఉంటే తన సైన్యాన్ని దక్షిణానికి మళ్లించి, తిరుగుబాటు చేస్తున్న సింహళ వామపక్ష సంస్థ జనతా విముక్తి పెరమున (జేవీపీ) పని పట్టవచ్చు. కానీ ఆయన మంత్రివర్గమే రెండుగా చీలింది. ప్రధానిగా ఉన్న రణసింఘే ప్రేమదాస సంతకాల కార్యక్రమానికే రాలేదు. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్‌పై వరుసలోని ఒక నావికుడు తుపాకి మడమతో దెబ్బ వేశాడు. ఆగస్టు 18న పార్లమెంటు భవనంలో అధికార పక్ష సమావేశంపై గ్రెనేడ్లు పడ్డాయి. భారత సేన ఒక్క తూటా కాల్చకముందే దక్షిణ శ్రీలంకలో దాన్ని వెళ్లగొట్టాలన్న రాజకీయం మొదలైంది.

కొన్ని వారాల పని

మొదట వెళ్లింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి దళ డివిజన్. మేజర్ జనరల్ హర్కీరత్ సింగ్ నాయకత్వంలో అది జూలై 30న జాఫ్నా దగ్గరి పలాలి విమానాశ్రయంలో దిగింది. జాఫ్నా జనం పూలదండలతో స్వాగతం పలికారు. శ్రీలంక సైన్యం ముట్టడి నుంచి తమను కాపాడడానికి వచ్చినవాళ్లని వారి నమ్మకం. అంతకు రెండు నెలల ముందు, జూన్ 4న, భారత విమానాలు జాఫ్నాపై ఆహార పదార్థాలు జారవిడిచిన సంగతి వాళ్లు మరిచిపోలేదు.

ఎల్టీటీఈ అధినేత వేలుపిళ్లై ప్రభాకరన్ ఆగస్టు 4న సుదుమలైలో మాట్లాడుతూ భారతదేశం మాట మీద ఆయుధాలు ఇస్తున్నామన్నాడు. తమిళ ఈలం, అంటే ప్రత్యేక తమిళ దేశం, అన్న లక్ష్యాన్ని మాత్రం వదులుకోలేదు. కొన్ని తుపాకులు అప్పగించారు, ఎక్కువ దాచుకున్నారు. సెప్టెంబరు 26న ఎల్టీటీఈ నాయకుడు తిలీపన్ నిరాహారదీక్షలో చనిపోయాడు. అక్టోబరు తొలివారంలో శ్రీలంక నౌకాదళానికి చిక్కిన ఎల్టీటీఈ నాయకులు కుమారప్ప, పులేంద్రన్ తదితరులు, తమను కొలంబోకు తరలిస్తారని తెలిసి పలాలిలో సైనైడ్ మింగారు. వెంటనే తూర్పున సింహళ పౌరుల మీద దాడులు జరిగాయి. అక్టోబరు రెండో వారంలో భారత సేన జాఫ్నా పట్టణంపైకి కదిలింది. దానికి ఆపరేషన్ పవన్ అని పేరు పెట్టారు.

ఎన్నాళ్లు పడుతుందన్న అంచనా ఎంత తేలిగ్గా వేశారో అప్పటి భారత హైకమిషనర్ జె.ఎన్. దీక్షిత్ తన పుస్తకం ‘అసైన్‌మెంట్ కొలంబో’లో రాశాడు. పులులు ఎదురుతిరిగితే కొద్ది వారాల్లో అణచివేయగలమని సైన్యాధిపతి జనరల్ సుందర్జీ ఢిల్లీకి భరోసా ఇచ్చాడన్నది ఆయన కథనం. జాఫ్నా పట్టణం మట్టుకు నిజంగానే రెండు మూడు వారాల్లో చేతికొచ్చింది. దానికి చెల్లించిన మూల్యం వేరు. అక్టోబరు 11 అర్ధరాత్రి దాటాక జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ ప్లటూనులో ముప్పై మంది ఉంటే ఒక్కడే బతికి బందీగా చిక్కాడు. అదే నెల 21, 22 తేదీల్లో జాఫ్నా ఆస్పత్రిలో భారత సైనికుల కాల్పులకు వైద్యులు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా బలయ్యారు. దండలు వేసిన ఊరే ఆ తర్వాత తలుపులు మూసుకుంది.

పులులు వన్ని అడవుల్లోకి జారుకున్నారు. అక్కడి నుంచి అది మందుపాతరల యుద్ధం. పట్టణాలు సేన చేతిలో, రాత్రివేళ దారులు పులుల చేతిలో. ఇలాంటి యుద్ధంలో పని అయిందనిపించే రోజు రాదు. ఉపసంహరణపై వాదం ముదరడానికి అసలు కారణం అదే.

ఉండడానికి చెప్పిన కారణాలు

సైన్యం ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు ఢిల్లీ ఇచ్చిన జవాబు కాలంతో పాటు మారుతూ వచ్చింది. 1987 ఆగస్టులో కాల్పుల విరమణ కాపాడడానికి. అక్టోబరులో పులుల ఆయుధాలు లాక్కోవడానికి. 1988లో ప్రావిన్షియల్ కౌన్సిల్ ఎన్నికలు జరిపించడానికి. 1989లో, అలా గెలిచిన ప్రభుత్వాన్ని నిలబెట్టి, దానికి అధికారాలు బదిలీ అయ్యేదాకా తమిళులకు రక్షణగా. ఒక్కొక్క కారణమూ విడిగా చూస్తే సబబే. కానీ ఒక షరతు సగంలో ఉండగానే దాని మీద మరొకటి పేర్చుకుంటూ పోతే సైన్యానికి తిరుగుటపా ఎప్పటికీ దొరకదు.

శ్రీలంక పార్లమెంటు 1987 నవంబరులో 13వ రాజ్యాంగ సవరణ చేసి ప్రావిన్షియల్ కౌన్సిళ్లను సృష్టించింది. ఉమ్మడి ఈశాన్య కౌన్సిలుకు 1988 నవంబరు 19న ఎన్నికలు జరిగాయి. ఎల్టీటీఈ బహిష్కరించింది. ఉత్తరాన పోటీయే లేక అభ్యర్థులు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. తూర్పున మాత్రం జనం ఓట్లు వేశారు. భారత్ అండదండలున్న తమిళ సంస్థ ఈపీఆర్ఎల్ఎఫ్ గెలిచింది. అణ్ణామలై వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన సచివాలయం ట్రింకోమలీలో, ఆయన భద్రత భారత జవాన్ల చేతుల్లో ఉండేది. నిధులు, పోలీసు అధికారం కొలంబో గుప్పిట్లోనే ఉన్నాయి. సేన వెళ్లిపోతే ఈ ప్రభుత్వం వారం నిలవదని అందరికీ తెలుసు. ఉండాలనేవారు దాన్నే కారణంగా చూపారు. అలాంటి ప్రభుత్వాన్ని నిలబెట్టడం ఎవరి పని అని పోవాలనేవారు అడిగారు.

సైన్యంలోనూ ఒక్క మాట లేదు. కొందరు సేనానులు, పులులు అడవిలో ఒక మూలకు నెట్టబడ్డారనీ, ఇంకొంత సమయమిస్తే పని ముగిసేదనీ తర్వాత వాదించారు. హర్కీరత్ సింగ్ తన జ్ఞాపకాల్లో రాజకీయ నాయకత్వాన్నీ, దౌత్యవేత్తలనూ, గూఢచారి సంస్థనూ తప్పుపట్టాడు. దళానికి మొత్తంగా అధిపతి అయిన లెఫ్టినెంట్ జనరల్ దీపిందర్ సింగ్ కూడా పుస్తకం రాశాడు. జాఫ్నాలో 54వ డివిజన్‌కు తర్వాత నాయకత్వం వహించిన ఎస్.సి. సర్‌దేశ్‌పాండే ‘అసైన్‌మెంట్ జాఫ్నా’ రాశాడు. ఓడిన యుద్ధాలకు జ్ఞాపకాల పుస్తకాలు ఎక్కువ అనిపిస్తుంది ఈ వరుస చూస్తే.

ద్వీపంలోని తమిళుల అభిప్రాయం కూడా ఒకటి కాదు. ఎల్టీటీఈ వ్యతిరేక తమిళ సంస్థలకు సేన ప్రాణరక్షణ. సాధారణ జనానికి అది సోదాల, నిర్బంధాల, ఎదురుకాల్పుల సైన్యం. 1989 ఆగస్టు 2న వల్వెట్టిత్తురైలో పులులు దాడి చేసి జవాన్లను చంపాక, భారత సైనికులు ఊరి మీద పడి 60 మందికి పైగా పౌరులను చంపారు. భారతదేశంలో దాని గురించి గట్టిగా మాట్లాడినవారిలో ప్రతిపక్ష నేత జార్జి ఫెర్నాండెజ్ ఒకడు. జాఫ్నా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే రజనీ తిరణగమ మరో ముగ్గురితో కలిసి రాసిన ‘ది బ్రోకెన్ పామైరా’లో భారత సేన, పులులు, ఇతర సంస్థలు, శ్రీలంక ప్రభుత్వం చేసిన అకృత్యాలన్నిటినీ నమోదు చేసింది. ఈ వివాదం గురించి చదవదలచినవారు సేనానుల పుస్తకాలకంటే ముందు అది చదవాలి.

ప్రేమదాస పెట్టిన గడువు

1988 డిసెంబరు 19 అధ్యక్ష ఎన్నికలో పోటీ పడ్డ ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ భారత సేనను పంపించేస్తామన్నారు. అధికార పక్షం నుంచి ప్రేమదాస, ప్రతిపక్షం నుంచి సిరిమావో బండారనాయకే. ఎవరు గెలిచినా ఢిల్లీకి వచ్చే ఉత్తరం ఒక్కటే అన్నమాట. ప్రేమదాస గెలిచి 1989 జనవరిలో పదవి చేపట్టాడు.

ఆయనకు తొందర ఎందుకో అర్థం చేసుకోవాలంటే దక్షిణం చూడాలి. జేవీపీ అప్పటికి ప్రభుత్వాన్నే స్తంభింపజేసే స్థితికి వచ్చింది. హర్తాళ్లు, హత్యలు, భారత సరుకుల బహిష్కరణ పిలుపులు. ఒప్పందాన్ని సమర్థించిన పాపానికి నటుడు, రాజకీయ నాయకుడు విజయ కుమారతుంగను 1988 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. దేశంలో విదేశీ సైన్యం ఉన్నంతకాలం దేశభక్తి పేటెంటు జేవీపీదే. దాన్ని లాగేసుకోవాలంటే భారత సేన వెళ్లాలి, వెళ్లగొట్టింది తానే అని కనబడాలి.

ఏప్రిల్‌లో ఆయన ఎల్టీటీఈని చర్చలకు పిలిచాడు. లండన్ నుంచి ఆ సంస్థ ప్రతినిధి ఆంటన్ బాలసింగం వచ్చాడు. కొలంబో హోటళ్లలో మంతనాలు సాగాయి. రెండు పక్షాలకూ ఒకటే ఉమ్మడి ప్రయోజనం, భారత సేన పోవడం. ఆ నెలల్లో ప్రేమదాస ప్రభుత్వం పులులకు ఆయుధాలు కూడా అందించిందని తర్వాత బయటపడింది.

జూన్ 1న ఒక బహిరంగ సభలో ప్రేమదాస తేదీ ప్రకటించాడు. ఒప్పందానికి రెండేళ్లు నిండే జూలై 29లోగా భారత సైన్యం మొత్తం వెళ్లిపోవాలి. ఢిల్లీని ముందుగా సంప్రదించలేదు. ఆ తర్వాత రెండు నెలల పాటు ఇద్దరు నాయకుల మధ్య నడిచిన ఉత్తరాలు ఈ వివాదంలో అన్నిటికంటే చదవదగ్గవి. కోపాన్ని మర్యాద చాటున దాచిన ఉత్తరాలు అవి.

ప్రేమదాస వాదం సూటిగా ఉంది. భారత సేన వచ్చింది శ్రీలంక అధ్యక్షుడి ఆహ్వానం మీద. ఇప్పటి అధ్యక్షుడు ఆ ఆహ్వానాన్ని ఉపసంహరించుకున్నాడు. ఇక ఒక్క రోజు ఉన్నా అది సార్వభౌమాధికారాన్ని తోసిరాజనడమే. తూర్పు, ఉత్తర తమిళులు శ్రీలంక పౌరులు. వాళ్ల రక్షణ శ్రీలంక ప్రభుత్వ బాధ్యత. పైగా పులులతో కాల్పుల విరమణ కుదిరింది (జూన్ 28న దాన్ని ప్రకటించారు). ఇక భారత సేనకు అక్కడ శత్రువు లేడు.

రాజీవ్ వాదం అంత సూటిగా లేకపోయినా గట్టిదే. ఒప్పందం రెండు దేశాల మధ్య. ఒక పక్షం ఒంటిచేత్తో దాన్ని మార్చలేదు. భారత్ హామీదారు. తమిళులకు ఇచ్చిన మాట, అంటే అధికార బదిలీ, అమలు కాకుండా హామీదారు ఎలా వెళ్తాడు? సేన ఉపసంహరణ అంతకుముందే మొదలైంది. మిగిలిన కార్యక్రమం అధికార బదిలీతో ముడిపెట్టి, ఇద్దరూ మాట్లాడుకుని ఖరారు చేయాలి. ఎల్టీటీఈ కాల్పుల విరమణ శ్రీలంక ప్రభుత్వంతోనే తప్ప భారత సేనతో గానీ, ఇతర తమిళ సంస్థలతో గానీ కాదు. ఆ మాటలోని నిజం జూలై 13న అందరికీ తెలిసింది. తమిళ మితవాద నేత అమృతలింగాన్ని కొలంబోలో ఆయన ఉన్న ఇంట్లోనే ఎల్టీటీఈ మనుషులు కాల్చి చంపారు.

న్యాయశాస్త్రపరంగా చూస్తే ప్రేమదాస వైపు మొగ్గు ఉందనే నా అభిప్రాయం. ఆతిథ్య దేశం సమ్మతి లేని సైన్యం ఎంత సదుద్దేశంతో ఉన్నా ఆక్రమణ సైన్యమే అవుతుంది. నైతికంగా రాజీవ్ వాదాన్ని అంత తేలిగ్గా తోసేయలేం. పెరుమాళ్ ప్రభుత్వాన్నీ, దానితో నడిచిన వేల మందినీ భారతదేశమే ఆ స్థితిలోకి తెచ్చింది. కానీ అదే సమయంలో ఈపీఆర్ఎల్ఎఫ్ మీసాలు రాని కుర్రాళ్లను ఇళ్లలోంచి బలవంతంగా పట్టుకెళ్లి తమిళ జాతీయ సైన్యం పేరుతో తుపాకులిచ్చింది. భారత సేన చూస్తూ ఊరుకుంది, ఆయుధాలిచ్చింది. రక్షణ వాదాన్ని ఇంతకంటే పలచన చేసిన పని మరొకటి లేదు.

ఈ ఉత్తరాల కాలంలో భారత విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. 1988 జూన్ నుంచి 1989 డిసెంబరు దాకా ఆ శాఖ ఆయనదే. లంక విధానంపై అసలు పట్టు ప్రధాని కార్యాలయానిది కావడంతో ఈ కథలో ఆయన పేరు తక్కువ వినిపిస్తుంది.

సెప్టెంబరు 18 అవగాహన

జూలై 29 దగ్గరపడేకొద్దీ రెండు స్నేహ సైన్యాలు ఎదురెదురు పడతాయేమోనన్న భయం నిజంగానే కలిగింది. భారత సేన బారకులు దాటకూడదని సర్వసేనాధిపతి హోదాలో ఆజ్ఞ ఇస్తానన్న ధోరణిలో ప్రేమదాస మాట్లాడాడు. చివరి క్షణంలో ఇరుపక్షాలూ ముఖం చెల్లే మార్గం వెతుక్కున్నాయి. ఆ తేదీన సుమారు 600 మంది సైనికులు ఓడ ఎక్కారు. గడువు పాటించినట్టు ప్రేమదాస చెప్పుకోవచ్చు, గడువుకు లొంగలేదని రాజీవ్ చెప్పుకోవచ్చు.

ఆ తర్వాత శ్రీలంక విదేశాంగ మంత్రి రంజన్ విజేరత్నే ఢిల్లీ వచ్చాడు. బేరసారాల తర్వాత సెప్టెంబరు 18న అవగాహన కుదిరింది. 20వ తేదీ ఉదయం నుంచి భారత సేన దాడులు ఆపాలి. డిసెంబరు 31కల్లా ఉపసంహరణ పూర్తయ్యేలా అన్ని ప్రయత్నాలూ చేయాలి. తమిళుల భద్రతకు, అధికార బదిలీకి కమిటీలు వేస్తామన్నారు. అంటే షరతులు కమిటీలకు వెళ్లాయి, తేదీ కాగితం మీదికి వచ్చింది. రెండేళ్ల వాదంలో ఢిల్లీ ఓడింది ఆ రోజే.

దాడులు ఆగిన మర్నాడు, సెప్టెంబరు 21న, రజనీ తిరణగమను జాఫ్నాలో ఆమె ఇంటి దగ్గర కాల్చి చంపారు. ఆమె సహ రచయితలు ఎల్టీటీఈనే తప్పుపట్టారు. పుస్తకం మరుసటి సంవత్సరం వెలువడింది.

ఎన్నికలు, తిరుగుప్రయాణం

1989 నవంబరు లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడింది. డిసెంబరు 2న ప్రధాని అయిన వి.పి. సింగ్‌కు లంక యుద్ధంతో ఏ అనుబంధమూ లేదు, దాన్ని సమర్థించుకోవలసిన అవసరమూ లేదు. ఆయన నేషనల్ ఫ్రంట్‌కు ఛైర్మన్ ఎన్.టి. రామారావు; అందులో తమిళనాడు అధికార పక్షం డీఎంకే భాగస్వామి. ఆ ఏడాది జనవరిలో మద్రాసులో గద్దెనెక్కిన కరుణానిధి, సేన తమిళులను చంపుతోందన్న వాదాన్ని గట్టిగా వినిపిస్తూ వచ్చాడు. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ ఉపసంహరణకు 1990 మార్చి 31 గడువు ఖరారు చేశాడు. ఈసారి షరతులు లేవు.

తూర్పున అంపారై నుంచి మొదలుపెట్టి సేన ఒక్కొక్క జిల్లా ఖాళీ చేస్తూ వచ్చింది. ఖాళీ అయిన చోటల్లా పులులు దిగారు. తమిళ జాతీయ సైన్యం పేకమేడలా కూలింది. బలవంతంగా తుపాకి పట్టిన కుర్రాళ్లలో చాలామంది చనిపోయారు. మార్చి 1న వరదరాజ పెరుమాళ్ స్వతంత్ర ఈలం ప్రకటించి, కొద్ది రోజులకే భారతదేశానికి తరలివచ్చాడు. మార్చి 24న ట్రింకోమలీ నుంచి చివరి దళం బయల్దేరింది. మద్రాసు రేవులో స్వాగత సభకు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ప్రభుత్వం పంపితే వెళ్లి, రమ్మంటే వచ్చిన జవాన్ల విషయంలో అది చిన్నతనమే.

పార్లమెంటు ఎక్కడుంది?

ఈ మూడేళ్లలో సైన్యం పంపాలా, ఉంచాలా అని భారత పార్లమెంటు ఓటు వేసిన సందర్భం లేదు. ప్రశ్నలు అడిగారు, చర్చలు జరిగాయి, వాకౌట్లు జరిగాయి. కానీ విదేశానికి సైన్యం పంపడానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం కావాలని రాజ్యాంగంలో లేదు. ఒప్పందాలు, సైనిక మోహరింపులు కార్యనిర్వాహక వర్గం చేతిలోనివి. వియత్నాం అనుభవంతో అమెరికా కాంగ్రెస్ 1973లో, అధ్యక్షుడు నిక్సన్ వీటోను కూడా తోసిరాజని, ఒక చట్టం చేసింది. కాంగ్రెస్ అనుమతి లేకుండా పోరాటంలోకి పంపిన సైన్యాన్ని 60 రోజుల్లో ఆపాలి, వెనక్కి తేవడానికి మరో 30 రోజులు. అమెరికా అధ్యక్షులు దాన్ని ఎంత మన్నించారన్నది వేరే కథ. అఫ్గానిస్తాన్‌లో వారి సేన కాంగ్రెస్ అనుమతితోనే 2001 నుంచి 2021 దాకా ఉండిపోయింది. చట్టంలో గడువు ఉన్నంత మాత్రాన సైన్యం రాదు. లేకపోతే మాత్రం ఎప్పుడు రావాలని అడిగే హక్కు ఎవరిదో కూడా తేలదు.

పోలికకు సమకాలీన ఉదాహరణ సోవియట్ యూనియన్. 1988 ఏప్రిల్ జెనీవా ఒప్పందాల్లో అఫ్గానిస్తాన్ నుంచి తొమ్మిది నెలల్లో సైన్యాన్ని వెనక్కి తీసుకుంటామని రాశారు. మే 15న మొదలుపెట్టి 1989 ఫిబ్రవరి 15న చివరి దళాన్ని సరిగ్గా తేదీకి దాటించారు. మన దేశ చరిత్రలోనే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. బంగ్లాదేశ్‌లో 1971 డిసెంబరు 16న గెలిచిన భారత సేన, షేక్ ముజిబుర్ రెహమాన్ కోరగానే 1972 మార్చి మధ్యకల్లా ఇల్లు చేరింది. అక్కడ యుద్ధానికి ఒక ముగింపు రోజు ఉంది, పొమ్మన్నది మిత్రుడు. లంకలో ఆ రెండూ లేవు.

అనంతర పరిణామాలు

సేన వచ్చేసిన మూడు నెలలకే ప్రేమదాస, పులుల స్నేహం తెగింది. 1990 జూన్‌లో తూర్పున లొంగిపోయిన వందలాది పోలీసులను ఎల్టీటీఈ చంపింది. యుద్ధం మళ్లీ మొదలై 2009 మే దాకా సాగింది. 1990 జూన్ 19న ఈపీఆర్ఎల్ఎఫ్ నేత పద్మనాభను అనుచరులతో సహా మద్రాసు నడిబొడ్డున హతమార్చారు. 1991 మే 21న, ఎన్నికల ప్రచారంలో విశాఖపట్నం నుంచి విమానంలో మద్రాసు చేరిన రాజీవ్ గాంధీ ఆ రాత్రే శ్రీపెరంబుదూరులో మానవ బాంబుకు బలయ్యాడు. సేనను పంపినందుకు పగ, తిరిగి అధికారంలోకి వస్తే మళ్లీ పంపుతాడన్న భయం, రెండూ ఆ హత్యకు కారణాలుగా విచారణలో చర్చకు వచ్చాయి. 1993 మే 1న ప్రేమదాస కూడా పులుల బాంబుకే పోయాడు.

ఈ పరిణామాలను ఎవరికి తోచినట్టు వారు సాక్ష్యంగా వాడుకున్నారు. ఇంకొన్నాళ్లు ఉంటే ఇవేవీ జరిగేవి కావని కొందరు, అసలు వెళ్లకుంటే జరిగేవి కావని కొందరు. మొదటి వాదంలో ఒక లోపముంది. ఇంకొన్నాళ్లు అన్నది 1987 అక్టోబరులోనూ చెప్పిన మాటే. కొలంబో ప్రభుత్వం, జాఫ్నా జనం, మద్రాసు ప్రభుత్వం, ముగ్గురూ వద్దన్న సైన్యం 1990 తర్వాత ఏ నేల మీద నిలబడి పోరాడేదో ఆ వాదం చెప్పదు.

భారత విధానం మీద దీని ముద్ర గట్టిగా పడింది. 2000 సంవత్సరంలో ఎలిఫెంట్ పాస్ సైనిక స్థావరం పులుల చేతికి చిక్కి జాఫ్నాలో శ్రీలంక సైన్యం దిగ్బంధమైనప్పుడు, కొలంబో సాయమడిగినా ఢిల్లీ సైన్యాన్ని పంపలేదు. ఇరాక్‌కు ఒక డివిజన్ పంపమని అమెరికా కోరితే, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే కుదరదని వాజ్‌పేయి ప్రభుత్వం 2003 జూలైలో చెప్పింది.

సేన ఉనికితో రాజీవ్ ముడిపెట్టిన అధికార బదిలీ మాత్రం ఇంకా ఢిల్లీ–కొలంబో చర్చల ఎజెండాలోనే ఉంది. ఉత్తర, తూర్పు ప్రావిన్సుల కలయిక చెల్లదని 2006లో శ్రీలంక సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2007 జనవరి నుంచి అవి విడిపోయాయి. తూర్పు ప్రజలను అడుగుతామన్న రెఫరెండం ఎన్నడూ జరగలేదు. విడిగా ఏర్పడ్డ ఉత్తర ప్రావిన్షియల్ కౌన్సిలుకు తొలి ఎన్నికలు 2013లో జరిగాయి. 2018 అక్టోబరులో దాని గడువు తీరిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి గవర్నర్ పాలనే నడిచింది. పోలీసు, భూమి అధికారాలు 13వ సవరణలో రాసి ఉన్నా ఏ కౌన్సిలుకూ పూర్తిగా బదిలీ కాలేదు.